నూకలు చెల్లే లెక్క

కోవూరు మిల్లులో పద్నాలుగేళ్ళు
జల్లెడ పట్టాను.
నిండు గింజ మద్రాసు లారీకి,
తవుడు నూనె మిల్లుకి,
విరిగింది కోళ్ళకి.
విరిగినదాని తరఫున మాట్లాడేవాళ్ళు
ఆ షెడ్డులో ఎవరూ లేరు,
నేను కూడా.

ఇప్పుడు అవే నూకలు
బుచ్చిరెడ్డిపాళెం రోడ్డులో
మా రేకుల షెడ్డు ముందు దిగుతున్నాయి.
నానబెట్టి, రుబ్బి, వడగట్టి,
ఏదో జిగురు కలిపి ఉడికిస్తే
చీరలకు గంజి పెట్టే రోజు వాసన.
మిషను నోట్లోంచి బుడగలా లేచి
పైకప్పు దాకా సాగి
చల్లారి, చదునై, సంచై పడుతుంది.
మొదటిసారి చూసి చెంగయ్యన్న
"అన్నాన్ని ఇంత పల్చగా ఎప్పుడూ చూళ్ళేదబ్బా" అన్నాడు.

నా పని సంచులు చెయ్యడం కాదు,
పూడ్చిపెట్టడం.
షెడ్డు వెనక నలభై రెండు కుండీలు.
పెన్న ఒండ్రు కొన్నిట్లో,
ఉదయగిరి ఎర్రమన్ను కొన్నిట్లో,
కృష్ణపట్నం ఉప్పునేల ఒక వరసంతా.
ముప్పై రోజులకొకసారి తవ్వి,
కడిగి, ఆరబెట్టి, తూకం వేసి
రిజిస్టర్లో ఎక్కిస్తాను.
అంకె తగ్గితే సారు నవ్వుతాడు.
మొదటి సున్నా రాసిన రోజు
అందరికీ మలైకాజాలు పంచారు.
సరుకు మాయమైతే పండగ చేసుకునే కంపెనీ
ఇదొక్కటే అనుకుంటా.

ఎవరైనా పోతే మా నాయనమ్మ అనేది,
వాడికి భూమ్మీద నూకలు చెల్లాయని.
మా సంచికి మేం కొలిచి పోసే నూకలు
నూట ఎనభై రోజులకే.
ముందే చెల్లితే కొట్టువాడు తిడతాడు,
చెల్లకపోతే నేల.
నేల తిట్టదు.
అదే చిక్కు.

ట్రంకురోడ్డు కర్రీ పాయింటులో
మామిడికాయ ముక్కలేసిన చేపల పులుసు
సగం దారిలో ఎవరి స్కూటరు మీదో దిగిపోయిందంట.
ఆ వారమంతా మస్తానమ్మ
ఫ్యాక్టరీలోనే పొయ్యి పెట్టింది.
సంచిలో పులుసు పొయ్యడం, గడియారం చూడటం,
కారినదాన్ని అన్నంలో కలుపుకోవడం.
ఎనిమిదో కుండకి సంచి నిలబడింది.
మాకు మాత్రం పులుసంటే మొహం మొత్తింది.

"రూపాయి ఎక్కువ పెట్టి కొంటే గ్యారంటీ ఏంది?"
స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేలు షావుకారు అడిగాడు.
"పోద్దని గ్యారంటీ" అన్నాను.
ఆయన నన్నొకసారి చూసి
కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మొన్న కొత్త మన్ను కోసం
పెన్న గట్టున తవ్వుతుంటే
మోచేతి లోతున గడ్డపారకు చిక్కింది
ఒక బట్టల షాపు కవరు.
దులిపితే రంగు కూడా పోలేదు.
షాపు పేరు, పట్టుచీర బొమ్మ,
ఐదంకెల ఫోన్ నంబరు.
నా పెళ్ళిచీర ఆ షాపులోనే కొన్నాం.
చీర ఎప్పుడో బొంతయింది,
బొంత మసిగుడ్డయింది.
షాపు మూశారు, ఓనరు పోయాడు,
నంబరు కూడా బతికిలేదు.
అందరి నూకలూ చెల్లాక
కవరొక్కటే మన్నులో
కాళ్ళు బారచాపుకుని కూచుంది
బేరం కోసం.

మర్నాడే ముప్పై ఒకటో కుండీకి
నూట ఎనభయ్యో రోజు.
మిల్లులో పట్టినట్టే జల్లెడ పట్టాను.
సంచి లేదు.
అడుగున మాత్రం పచ్చగా ఏదో,
గోరంత.
మొలకనుకున్నా.
కాదు. మా కంపెనీ గుర్తు.
సంచి మీద అచ్చేసిన ఆకుబొమ్మ
వట్టి రంగుపొరగా మిగిలిపోయింది
ఈనెలతో సహా.

ఎల్లుండి చెన్నై పార్టీ వస్తోంది.
దయాకర్ సారు ఆకును అరచేతిలో పెట్టుకుని
చాలాసేపు నిలబడ్డాడు.
"ముప్పై ఒకటి పక్కన పెడదామా?"
నన్నడిగాడో, ఆకునో.

పద్నాలుగేళ్ళు విరిగినదాన్ని
పక్కకి తోసిన చేతులివి.
రిజిస్టర్ తీసి, తేదీ వేసి,
సున్నా రాయాల్సిన గడిలో
రాశాను:

ఆకు రాలలేదు.